కాలు కింద పెట్టకుండా

డ్రైవింగ్ లైసెన్సు కోసం ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లొచ్చినవాళ్లకి ‘ఎనిమిది’ గురించి వేరే చెప్పనక్కర్లేదు. నేల మీద గీసిన అంకె వెంట బండి తిప్పుకుంటూ రావాలి, కాలు కింద పెట్టకూడదు. అంతే పరీక్ష. రోజూ ఊళ్లో ట్రాఫిక్‌ని ఈదుకుంటూ తిరిగే మనిషి కూడా అక్కడికొచ్చేసరికి బిగుసుకుపోతాడు. హైవే మీద ఎనభైలో గీత గీసినట్టు పోయే బండి, నడక వేగానికి దిగగానే మాట వినదు. ఇన్‌స్పెక్టరు చూపు మాత్రం బండి మీద ఉండదు, కాళ్ల మీద ఉంటుంది.

ఆ ఎనిమిదిని తీసుకెళ్లి కొండవాగులో, బండరాళ్ల మీద, తడిసిన చెట్ల వేళ్ల మధ్య గీశారనుకోండి. మోటార్‌సైకిల్ ట్రయల్స్ అనే ఆట దాదాపు అదే. ఇది రేసు కాదు, ఎవరు ముందొచ్చారన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. దారిలో అక్కడక్కడా రెండు వైపులా రిబ్బన్లు కట్టి ‘సెక్షన్లు’ ఏర్పాటు చేస్తారు. ఒక్కొక్కరే వచ్చి వాటిని దాటాలి. పక్కన నిలబడ్డ పరిశీలకుడు కాళ్లు లెక్కపెడతాడు. ఒకసారి నేలకి కాలు తగిలితే 1, రెండుసార్లయితే 2, మూడుసార్లు గానీ అంతకుమించి ఎన్నిసార్లు గానీ అయితే 3. పడిపోయినా, రిబ్బను అవతలికి పోయినా, ముందుకు కదల్లేక చేతులెత్తేసినా 5. నాలుగు అనే అంకె ఈ ఆటలో లేనే లేదు. ఇవన్నీ తప్పుల మార్కులు కాబట్టి తక్కువ తెచ్చుకున్నవాడిదే గెలుపు. సున్నాతో బయటపడితే ఆ సెక్షన్ ‘క్లీన్’ చేశాడంటారు.

ఈ ఆటలోకి కొత్తగా దిగేవాళ్లకి మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసొస్తుంది: ఇంతకాలం బండిని నిలబెట్టింది తమ నైపుణ్యం కాదు, వేగం. దాన్ని తీసేస్తే ఆ పని ఒళ్లు చెయ్యాలి. ట్రయల్స్ నేర్చుకోవడమంటే చాలావరకు ఇదే.

రెండు చక్రాల బండి ఎందుకు పడిపోదు? చక్రాలు తిరుగుతుంటే గైరోస్కోప్ ప్రభావం వల్ల నిలబడుతుందని బళ్లో విన్నదే చాలామందికి గుర్తు. ఇందులో నిజం ఉంది గానీ తక్కువే. డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త ఒక సైకిలుకి ముందు చక్రం పక్కనే ఇంకో చక్రం బిగించి, దాన్ని వెనక్కి తిప్పి గైరోస్కోప్ ప్రభావాన్ని రద్దు చేశాడు. అయినా సైకిలు హాయిగా తొక్కగలిగానని 1970లో రాశాడు. 2011లో డెల్ఫ్ట్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇంకో అడుగు వేసి, గైరోస్కోప్ ప్రభావం లేకుండా తనంతట తాను నిలబడి పోయే చిన్న సైకిలు నమూనాను తయారుచేసి ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. అసలు రహస్యం హ్యాండిల్‌లో ఉంది. బండి ఎడమకి వాలితే హ్యాండిల్ ఎడమకి తిరుగుతుంది. వెంటనే చక్రాలు ఎడమకి జరిగి, పడబోతున్న బరువు కిందకి చేరతాయి. బండి ముందుకి పోతున్నంతసేపూ ఈ చిన్న చిన్న సర్దుబాట్లు మనకి తెలియకుండానే జరిగిపోతుంటాయి.

ఇక్కడే వేగం సంగతి వస్తుంది. హ్యాండిల్ ఒకే కోణంలో తిప్పినా చక్రం ఎంత దూరం పక్కకి జరుగుతుందన్నది బండి వేగాన్ని బట్టి ఉంటుంది. గంటకి నలభైలో పోతున్నప్పుడు వెంట్రుకవాసి కదిపితే చాలు. నాలుగులో పోతున్నప్పుడు అంత పనికి హ్యాండిల్ బారెడు తిప్పాలి, అదీ ఆలస్యం లేకుండా. ‘ఎనిమిది’ దగ్గర చేతులు అంతలా ఊగేది ఇందుకే.

ఆలస్యం ఎంతవరకు చెల్లుతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. అరచేతిలో పెన్సిలు నిలబెట్టండి. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా కుదరదు. నాలుగడుగుల కర్ర తీసుకుంటే కాస్త సాధనతో నిలుస్తుంది. పడుతున్న పెన్సిలు వాలు రెండున్నర రెట్లకి పెరగడానికి సెకనులో పదో వంతు చాలు. అంత పొడవు కర్రకి అందుకు దాదాపు మూడు పదో వంతులు పడుతుంది. కళ్లు చూసి, మెదడు తేల్చుకుని, చెయ్యి కదలడానికి మనిషికి సెకనులో ఐదో వంతు కావాలి. పెన్సిలు ఆ లోపే పడిపోతుంది, కర్ర ఆగుతుంది.

ట్రయల్స్ బండి నడిపేవాళ్లు ఎప్పుడూ ఫుట్‌రెస్టుల మీద నిలబడే ఉంటారు. అసలు వాళ్ల బళ్లకి చెప్పుకోదగ్గ సీటే ఉండదు. నిలబడితే బరువంతా ఫుట్‌రెస్టుల మీదకి దిగి గరిమనాభి కిందకి వస్తుందని చెప్పే గురువులు చాలామంది ఉన్నారు. అది తప్పు. మనిషి లేచి నిలబడితే గరిమనాభి పైకే పోతుంది, బండీ మనిషీ కలిపి చూసినా పది పదిహేను సెంటీమీటర్లు పెరుగుతుంది. కర్రకి దొరికిన వెసులుబాటే ఇక్కడా కొద్దిగా దొరుకుతుంది. అయితే అసలు లాభం అది కాదు. కూర్చుంటే మనిషీ బండీ ఒకే ముద్ద, రాయి తగిలి బండి కుడికి ఒరిగితే మనిషీ కుడికే ఒరుగుతాడు. నిలబడితే మధ్యలో మోకాళ్లు, తుంటి, చీలమండలు వస్తాయి. కింద బండి ఎటు వాలినా పైన మనిషి నిటారుగా ఉండగలడు, కావాలంటే రెండోవైపుకి వాలగలడు.

ఇరుకు మలుపులో ఈ తేడా బాగా తెలుస్తుంది. రేసుల్లో మోకాలు నేలకి రాసుకుంటూ మలుపు లోపలికి వేలాడేవాళ్లని టీవీలో చూసే ఉంటారు. ట్రయల్స్‌లో అంతా తిరగబడుతుంది: బండిని లోపలికి పడుకోబెట్టి, మనిషి బయటికి వాలతాడు. లెక్క వేసి చూద్దాం. గంటకి 5 కిలోమీటర్ల వేగంతో 2 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరుగుతుంటే, మొత్తం బరువు లోపలికి వాలవలసింది 6 డిగ్రీలు మాత్రమే. అంతకంటే వాలితే పడిపోతారు. కానీ ముందు చక్రం పదునుగా తిరగాలంటే బండిని అంతకంటే చాలా ఎక్కువగా, ఏ 30 డిగ్రీలకో వంచాలి. ఈ రెండూ ఒకేసారి కుదరాలంటే మనిషి నడుము బండికి ఎదురుదిక్కున, చక్రాల గీతకి అవతల ఉండాలి. మలుపుకి బయటివైపు ఉన్న ఫుట్‌రెస్టు మీద బరువు వేసి, లోపలి మోకాలు వదులుగా వంచి, తుంటి బయటికి తోయాలి. ఇది చదివితే అర్థమైపోతుంది, ఒంటికి అర్థమవడానికి మాత్రం కొన్ని ఆదివారాలు పడుతుంది.

ఇందులో బండి బరువుకీ వాటా ఉంది. ట్రయల్స్ బండి 70 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, అంటే మనిషి బరువే. నడుము 20 సెంటీమీటర్లు పక్కకి జరిపితే ఉమ్మడి గరిమనాభి 10 సెంటీమీటర్లు జరుగుతుంది. అదే కదలిక 190 కిలోల బుల్లెట్ మీద చేస్తే జరిగేది 5 సెంటీమీటర్లే. అందుకే తేలిక బండి మనిషి మాట వింటుంది, బరువు బండికి మనిషే వినాలి.

బుల్లెట్ పేరెత్తాం కాబట్టి ఒక మాట. ట్రయల్స్ మనకి సంబంధం లేని ఆట అనుకుంటాం గానీ, మన ఊళ్లలో పాలవాడి నుంచి పోలీసు దాకా నడిపిన ఆ బండి పుట్టుక ఈ ఆటతోనే ముడిపడి ఉంది. మోటార్‌సైకిళ్లు కొత్తగా వచ్చిన కాలంలో అవి కొండదారుల్ని తట్టుకుంటాయో లేదో తేల్చడానికి బ్రిటన్‌లో పెట్టిన పరీక్షలే క్రమంగా ఆటగా మారాయి. స్కాట్లండ్‌లో 1909లో మొదలై, ఆపైన ఆరు రోజుల పోటీగా స్థిరపడిన ‘స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్’ ఇప్పటికీ ఏటా మే నెలలో ఫోర్ట్ విలియం కేంద్రంగా జరుగుతోంది. బుల్లెట్ వచ్చే రోజుల్లో వెనక చక్రానికి సస్పెన్షన్ ఉంటే పట్టు పోతుందని ట్రయల్స్ వాళ్ల గట్టి నమ్మకం. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఆ నమ్మకానికి ఎదురు పోయింది. వెనక స్వింగ్ ఆర్మ్ సస్పెన్షన్ ఉన్న 350 సీసీ బుల్లెట్‌ని మొట్టమొదట బయటపెట్టింది ఏ ప్రదర్శనశాలలోనో కాదు, 1948లో కోల్‌మోర్ కప్ ట్రయల్‌లో. జానీ బ్రిటెన్ ఆ బండి మీదే 1952లోనూ 1957లోనూ స్కాటిష్ పోటీ గెలిచాడు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి మనకి వచ్చింది ఆ వంశంలోని బండే. సస్పెన్షన్ ఉంటే చక్రం రాయి మీద ఎగరకుండా అంటిపెట్టుకుని ఉంటుంది, నేలని అంటిన చక్రానికే పట్టు. ఇప్పుడు వింటే ఇంత మామూలు సంగతి మీద అంత వాదన ఎందుకా అనిపిస్తుంది.

బరువు బళ్ల కాలం ఎంతో కాలం నిలవలేదు. ఏరియల్ బండితో ఎదురులేకుండా ఉన్న ఉత్తర ఐర్లండ్ వీరుడు శామీ మిల్లర్ 1964 చివర్లో స్పెయిన్ కంపెనీ బుల్టాకోకి మారి, తేలికైన టూ స్ట్రోక్ బండిని తీర్చిదిద్దాడు. మరుసటి ఏడే స్కాటిష్ పోటీని దాని మీద గెలిచాడు. ఆ దెబ్బతో ఆట కేంద్రం మెల్లగా స్పెయిన్‌లోని కాటలోనియాకి జరిగింది. 1975లో మొదలైన ప్రపంచ చాంపియన్‌షిప్‌ని తొలి ఏడు గెలిచినవాడు ఆంగ్లేయుడు మార్టిన్ లాంప్కిన్, అతని బండీ బుల్టాకోనే. ఇక 2007 నుంచి 2024 దాకా పద్దెనిమిదేళ్లు వరసగా, ఆరుబయటా ఇండోర్‌లోనూ, టైటిల్ ఒకే మనిషిది: కాటలోనియా కుర్రాడు టోనీ బౌ. ఏ ఆటలోనైనా ఇలాంటి ఏకఛత్రాధిపత్యం అరుదు.

ఇక బండిని దగ్గరగా చూద్దాం. టైర్లు నొక్కి చూస్తే పంక్చరయిందేమో అనిపిస్తుంది. మన రోడ్డు బండి వెనక టైరులో 30 పీఎస్‌ఐ గాలి పట్టిస్తాం, ఇందులో 4 లేదా 5 మాత్రమే. బండీ మనిషీ కలిపి 140 కిలోలనుకుని, సగం వెనక టైరు మీద పడుతుందనుకుంటే, 30 పీఎస్‌ఐ దగ్గర నేలని తాకే రబ్బరు సుమారు 33 చదరపు సెంటీమీటర్లు. 4 దగ్గర అది దాదాపు 250. టైరు గోడలు కొంత బరువు మోస్తాయి కాబట్టి అసలు లెక్క ఇంతకన్నా తక్కువే తేలుతుంది, అయినా తేడా పెద్దదే. బళ్లో చెప్పిన ఘర్షణ సూత్రం ప్రకారం తాకే వైశాల్యంతో పట్టు మారకూడదు కదా అని అడగొచ్చు. ఆ సూత్రం గట్టి వస్తువులకి చెల్లినంతగా రబ్బరుకి చెల్లదు. మెత్తటి టైరు రాయి అంచుని, వేరు బొడిపెని చుట్టి పట్టుకుంటుంది, ఆ సందుల్లోకి దిగుతుంది. జారాలంటే వాటిని చీల్చుకుని పోవాలి.

క్లచ్ లీవరు ఒక్క వేలికి లొంగుతుంది. మన మెకానిక్కులు ‘హాఫ్ క్లచ్‌లో నడపకండి, ప్లేట్లు పోతాయి’ అని మొత్తుకుంటారు. ట్రయల్స్‌లో పొద్దస్తమానం హాఫ్ క్లచ్‌లోనే ఉంటారు, ఆ క్లచ్‌ని దానికి తగ్గట్టే చేస్తారు. ఇంజిన్‌లో బరువైన ఫ్లైవీల్ ఉంటుంది కాబట్టి, ఆగిపోతుందేమో అన్నంత నిదానంగా కొట్టుకుంటున్నా దాని జడత్వం తర్వాతి పేలుడు దాకా లాక్కుపోతుంది. చక్రానికి శక్తి ఒక్కసారిగా కాక మెల్లగా అందితే టైరు ఉన్నచోటే తిరిగి జారదు.

నేర్చుకోవడం ఇంజిన్ ఆపేసి మొదలుపెట్టాలి. ముందు చక్రాన్ని గోడకో మెట్టుకో ఆనించి, హ్యాండిల్ ఒకవైపుకి పూర్తిగా తిప్పి, ఫుట్‌రెస్టుల మీద నిలబడాలి. పాదం మధ్యభాగం వాటి మీద ఉండాలి. మోకాళ్లు కొద్దిగా వంగాలి, చూపు చక్రం మీద కాక రెండు మూడు గజాల ముందుండాలి. మొదట రెండు సెకన్లు కూడా నిలవరు. మోకాళ్లు కదిపి బండిని సర్దుకోవచ్చని ఒళ్లు కనిపెట్టేదాకా ఇంతే. తర్వాత గోడ వదిలేసి, బ్రేకు కొద్దిగా వదులుతూ అంగుళం ముందుకి, అంగుళం వెనక్కి. హ్యాండిల్ ఎడమకి తిరిగి ఉంటే ముందుకి కదిలిన ప్రతి అంగుళానికీ ముందు చక్రం కాస్త ఎడమకి పోతుంది, వెనక్కి కదిలితే కుడికి. ఆగిన బండిని నిలబెట్టే కిటుకు ఇది.

ఇంజిన్ స్టార్ట్ చేశాక పని చదును నేల మీదే. రెండు ఇటుకలు పెట్టి వాటి చుట్టూ నిలబడే ఎనిమిదులు వెయ్యాలి. రేజ్ ఒకే తీరున పట్టి ఉంచి, వేగాన్ని క్లచ్‌తోనే పెంచాలి, తగ్గించాలి. ఒక వేలు క్లచ్ మీద, ఒక వేలు ముందు బ్రేకు మీద, మిగతా వేళ్లు హ్యాండిల్‌కి. పక్కన ఎవరైనా నడుస్తుంటే వాళ్లకంటే వెనకబడాలి. ఇటుకల్ని వారం వారం దగ్గరికి జరుపుతూ పోవచ్చు. విసుగొచ్చి రాళ్ల మీదకి ఉరికేవాళ్లే ఎక్కువ. పెద్ద రాయి మీద చేతకానిది చాలావరకు ఈ రెండు ఇటుకల దగ్గరే బయటపడి ఉంటుంది.

ఆ తర్వాత దుంగ. 20 సెంటీమీటర్ల మందం చాలు. బండీ మనిషీ అంత ఎత్తుకి లేవాలంటే ఎంత వేగం కావాలి? ఇంజిన్ ఏమీ సాయం చెయ్యకపోయినా గంటకి 7 కిలోమీటర్లు, అంటే మెల్లగా పరిగెత్తే మనిషి వేగం. మీటరు ఎత్తు బండకి కూడా ఇదే లెక్కన 16 దాటదు. కొత్తవాళ్లు భయంతో ఇంతకంటే చాలా జోరుగా వచ్చి గుద్దేస్తారు. దుంగకి నిటారుగా ఎదురు రావాలి, వంకరగా వస్తే చక్రం దుంగ వెంబడి జారిపోతుంది. ముందు చక్రం తాకబోయే ముందు మోకాళ్లు వంచి, లేస్తూ చిన్నగా రేజ్ ఇస్తే ముందు భాగం తేలికై దుంగ ఎక్కుతుంది. ఎక్కువమంది తప్పుచేసేది దీని తర్వాతే. ముందు చక్రం దాటిందన్న ఉత్సాహంలో రేజ్ ఇంకా పెంచుతారు. అప్పుడు వెనక టైరు దుంగని గీకుతూ పక్కకి జారుతుంది, లేదా కింద నుంచి తన్ని మనిషిని హ్యాండిల్ మీదకి విసురుతుంది. వెనక చక్రం తాకే క్షణానికి రేజ్ మూసి, క్లచ్ పట్టి, కాళ్లు వదులు చెయ్యాలి. బండి తన ఊపుతో తానే పైకి వచ్చి మోకాళ్లలో మడుచుకుంటుంది. మనిషి తల మాత్రం దాదాపు ఒకే ఎత్తులో సాగిపోవాలి.

ఇదంతా చెయ్యడానికి ట్రయల్స్ బండే కావాలా? దుంగల సంగతి వదిలేస్తే, నిలబడి నడపడం, ఎనిమిదులు, బయటికి వాలడం మీ దగ్గరున్న బండి మీదే నేర్చుకోవచ్చు. రెండు జాగ్రత్తలున్నాయి. రోడ్డు బండి మొదటి గేరు ట్రయల్స్‌కి మరీ వేగం, దాంతో క్లచ్‌ని ఎక్కువసేపు జార్చవలసి వస్తుంది, వేడెక్కుతుంది. మధ్యమధ్య చల్లారనివ్వాలి. రెండోది, ట్యూబు టైరులో గాలి 4 పీఎస్‌ఐకి దించొద్దు. రిమ్ము మీద టైరు జరిగి ట్యూబు వాల్వు తెగిపోతుంది.

చౌకలో ఇంకా మంచి దారి సైకిలు. స్పెయిన్‌లో మోంటెసా కంపెనీ ట్రయల్స్ బళ్లని తీర్చిన పెరె పీ అనే ఆయన, తన కొడుకు ఓట్ మోటారు బండికి బదులు సైకిలు మీద అవే విన్యాసాలు చేస్తుంటే చూసి సైకిల్ ట్రయల్స్ అనే ఆటనే నిలబెట్టాడు. టోనీ బౌ మొదలుపెట్టింది కూడా సైకిలు మీదే. మన స్కూళ్లలో జరిపే స్లో సైకిల్ పందెంలో కాలు దించకుండా చివరగా వచ్చి గెలిచిన పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉంటే, వాళ్లు ఇప్పటికే సగం దారిలో ఉన్నారు.

స్థలానికి తెలంగాణలో కొదవ లేదు. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైట్ పరుపు బండలు గరుకుగా ఉండి, పొడిగా ఉంటే టైరుని వదలవు. నాచు పట్టినచోట వానాకాలంలో మాత్రం నమ్మొద్దు. ఎవరి భూమో కనుక్కుని అడిగి దిగండి, అడవిశాఖ జాగాలూ గుడి గుట్టలూ వదిలేయండి. వేగం తక్కువ కదా అని హెల్మెట్, చీలమండ దాటే గట్టి బూట్లు, గ్లౌజులు మానొద్దు. ఇక్కడ దెబ్బలు ఎక్కువగా చీలమండకీ వేళ్లకీ మోకాలికీ తగులుతాయి. మణికట్టుకి కట్టుకునే తాడుతో ఉండే స్విచ్చి ఒకటి ట్రయల్స్ బళ్లకి ఉంటుంది. మనిషి పడితే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. తిరుగుతున్న వెనక చక్రం పక్కన పడ్డవాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

పోటీకి వెళితే, సెక్షన్‌లోకి బండితో దిగే ముందు నడిచి చూడనిస్తారు. అనుభవం ఉన్నవాళ్లు నడవడానికే ఎక్కువ సమయం పెడతారు. ఏ రాయి కదులుతుందో కాలితో తోసి చూస్తారు, ముందువాళ్ల టైర్లు ఎక్కడ బురద పూశాయో గుర్తుపెట్టుకుంటారు, వెనక చక్రం ఎక్కడ దిగుతుందో లెక్కేసుకుంటారు. ఇంకో లెక్క కూడా వేస్తారు. కష్టమైన మలుపు ఒకటుందనుకోండి. కాలు పెట్టకుండా పోతే 0, పడితే 5. ముందే అనుకుని ఒకసారి కాలు ఆనిస్తే ఖాయంగా 1. పదిసార్లలో ఏడుసార్లు క్లీన్‌గా పోగలరనుకుంటే, మిగతా మూడుసార్లూ పడి సగటున 1.5 మార్కులు పోతాయి. కాలు పెట్టడమే లాభం. పదికి ఎనిమిదిసార్లు పోగలిగితే రెండూ సమానం. తొమ్మిదిసార్లు పోగలిగినవాడు మాత్రమే కాలు పెట్టకుండా ప్రయత్నించాలి. కొత్తవాళ్లు పౌరుషానికి పోయి 5 తెచ్చుకునేది ఎక్కువగా ఇక్కడే. పెట్టదలచుకుంటే బండి ఒరిగిపోయాక కాదు, ఇంకా నిలువుగా ఉండగానే, గట్టి నేల చూసుకుని, ఒక్కసారి పెట్టి తీసెయ్యాలి. ఆలస్యంగా పెట్టిన కాలు బండి బరువు ఆపలేదు. రెండో కాలు, మూడో కాలు పడతాయి, ఒకటితో పోవలసింది మూడవుతుంది.